మరపు సూది

నూకరత్నానికి కేన్సరు వచ్చింది, పోయింది. వచ్చిన సంగతి ఆమెకు తెలుసు. పోయిన సంగతి డాక్టర్లు చెబితే తెలిసింది. మధ్యలో ఏం జరిగిందో కంచరపాలెంలో వాళ్ళ వీధి వీధంతటికీ తెలుసు, ఒక్క నూకరత్నానికి తప్ప.

ఆమె మటుకు ఉగాది వెళ్ళిన వారానికి ఆసుపత్రి మంచం మీద పడుకుంది. నర్సమ్మ ముక్కులో మందు కొట్టింది. కళ్ళు తెరిచేసరికి కిటికీ అవతల పుష్యమాసపు మంచు. తల తడుముకుంటే కొత్త జుట్టు గడ్డిమొలకల్లా చేతికి గుచ్చుకుంది. ఎడమ రొమ్ము ఉండాల్సిన చోట చదునుగా కుట్ల గీత తగిలింది. ఆ సంగతి ముందే చెప్పారు కాబట్టి గుండె చిక్కబట్టుకుంది.

"ఏటయ్యా, అయిపోనాదేటి?" అని పక్కనున్న మొగుణ్ణి అడిగింది.

సన్యాసిరావు తలూపాడు. ఊపి, గోడవైపు తిరిగి భోరుమన్నాడు. చేపలరేవులో ఐసు దిమ్మలు మోసే మనిషి, అంత ఒళ్ళు పెట్టుకుని పసిపిల్లాడిలా ఏడుస్తుంటే ఆమెకు నవ్వాగలేదు.

"ఎందుకయ్యా ఏడుపు? నాకు సీమ కుట్టినట్టయినా అనిపించనేదు."

వాళ్ళమ్మాయి జోషిత గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. ఇంటరు చదివే పిల్ల, కళ్ళ కింద నలుపుతో, చిక్కిపోయి, నలుగురు పిల్లల్ని కన్నదానిలా కనిపించింది. తల్లి లేచి కూర్చుంటే పరుగెత్తుకొచ్చి వాటేసుకోవాలా? అబ్బే! నిలబడ్డ చోటే నిలబడి, ఎవరినో వెతుకుతున్నట్టు తల్లి మొహంలోకి చూసింది. వెతికిన మనిషి కనిపించలేదు కాబోలు, సంచులు సర్దడానికి వెళ్ళిపోయింది.

ఇంటికెళ్ళే ఆటోలో నూకరత్నం ఊరుకోలేకపోయింది. ఏళ్ళ తరబడి సిటీ బస్సులో కండక్టరు చేసిన నోరు, ఊరుకోమంటే ఊరుకుంటుందా?

"సూసినావేటే గుంటా? సావనేదు. నీ నోటి వాక్కు ఫలించనేదు," అంది కూతురితో, వెటకారంగా నవ్వుతూ.

"రత్నం!" అని సన్యాసిరావు గట్టిగా అరిచాడు. జోషిత మాత్రం మొహం అటు తిప్పేసుకుంది. ఇల్లు చేరేదాకా ఇటు తిప్పలేదు.

నూకరత్నాన్ని అని ఏం లాభం? లోకానికి తొమ్మిది నెలలయింది గానీ ఆమెకు ఆ గొడవ మొన్నటిది.

ఆ మొన్న జరిగిందేమిటంటే, గడ్డ చెడ్డదని తేలిన సాయంత్రం నూకరత్నం కూతురితో, "ఈ ఏడు కాలేజీ మానీ. ఇల్లు సూసుకోడానికి మనిషుండాల," అంది. అడగలేదు, ఆర్డరేసింది. జోషితకు తిక్కరేగింది. "నీకు రోగమొస్తే నా చదువెందుకు మానాలి? ఎప్పుడూ నీ డ్యూటీ, నీ బస్సు. నాకోసం ఒక్కరోజైనా ఇంట్లో ఉన్నావా?" అంది. మాట మీద మాట పెరిగింది. ఆఖరికి పిల్ల, "అయితే చచ్చిపో!" అనేసింది. నూకరత్నం చెయ్యి లేచింది. కదిలే బస్సులో ఇనపకమ్మీ పట్టుకుని బతికిన చెయ్యి అది. పిల్ల చెంప మీద వేళ్ళు తేలాయి. ఆసుపత్రిలో చేరే రోజుదాకా తల్లీకూతుళ్ళకు మాటల్లేవు.

ఆ ఆసుపత్రి భీమిలి దారిలో, ఎర్రమట్టి దిబ్బల అవతల ఉంది. సగం ఆసుపత్రి, సగం ప్రయోగశాల. అక్కడి పెద్ద డాక్టరు విభావరి. బక్కపల్చటి మనిషి, జుట్టు ముగ్గుబుట్ట. ఆమె కనిపెట్టిన మందు గడ్డను వేళ్ళతో సహా కాల్చేస్తుందట. కాకపోతే గడ్డతోపాటు మనిషి కూడా లోపల్లోపల మండిపోతూ ఉంటాడు.

"మత్తిచ్చి పడుకోబెట్టలేను తల్లీ," అంది డాక్టరు మొదటిరోజున. "ఎక్కడ మండుతోందో మీరు చెబుతూ ఉంటేనే నేను మోతాదు మార్చగలను. నొప్పిని నేను ఆపలేను. నొప్పి గుర్తు లేకుండా చెయ్యగలను."

"ఎలాగ?"

"చూపిస్తా."

సన్యాసిరావును బయట కూర్చోమని, నూకరత్నం ముక్కులో మందు కొట్టింది. అంతే. ఆ తర్వాత నూకరత్నం చూసుకునేసరికి చూపుడువేలికి పట్టీ ఉంది. ముందున్న బల్ల మీద మజ్జిగ గ్లాసు ఖాళీగా ఉంది. గోడ గడియారం గంట ముందుకెళ్ళిపోయింది.

"ఏటైనాది?"

"వేలు సూదితో గుచ్చాను. మీరు నన్ను దులిపేశారు. తర్వాత మజ్జిగ తాగుతూ మీ చిన్నప్పటి సంగతులు చెప్పారు. ఇప్పుడే ఇంకో సూది వేశాను, అదంతా పోయింది." డాక్టరు మొహం ఎందుకో పాలిపోయి ఉంది.

నూకరత్నం పట్టీని అటూ ఇటూ తిప్పి చూసుకుని పకపకా నవ్వింది. "అయితే ఈ పోటు నాకు కాదన్నమాట. ఎవత్తో పడింది. నాకేటి?"

డాక్టరు నవ్వలేదు. "వైద్యం జరిగినన్నాళ్ళూ మీరు మామూలుగానే ఉంటారు. నిన్నటిది ఇవాళ గుర్తుంటుంది. కానీ ఆ గుర్తులన్నీ గోడ మీద తడి సున్నంలాంటివి. చివర్న పెద్ద సూది వేస్తే మొత్తం కడుక్కుపోతాయి. వెయ్యకపోతే ఆరిపోయి అలాగే ఉండిపోతాయి. తీరా చివరికొచ్చాక కొందరు ఆ సూది వద్దంటారు. అప్పుడు ఎవరి మాట వినాలి నేను?"

"నా మాటే. ఇప్పుడు సెప్పిన ఈ మాటే."

అంతటితో ఆగిందా? మొగుణ్ణి లోపలికి పిలిచి అతని చెయ్యి లాగి తన నడినెత్తిన పెట్టుకుంది. "నాను కాళ్ళు పట్టుకున్నా సరే, ఆ సూది ఏయించాల. ఒట్టెయ్యి." సన్యాసిరావు ఒట్టేశాడు. తల మీద వేసిన ఒట్టు తప్పితే ఆ తల గల మనిషి దక్కదని నమ్మే వంశం అతనిది.

సరే, ఇంటికొచ్చింది. జుట్టు చెవుల దాకా పెరిగాక డ్యూటీలో చేరింది. డిపోలో తోటి కండక్టర్లు పూలదండ వేసి లడ్డూలు పంచారు. "నీకేటమ్మా, పడుకుని లేచొచ్చినావు. మా అత్త పాత వైద్యంలో ఎంత నరకం పడిందో మాకు తెలుసు," అని ఒకామె బుగ్గలు నొక్కుకుంది. నూకరత్నం అందరికీ అదే కథ చెప్పేది. ముక్కులో మందు, కళ్ళు మూయడం, తెరవడం, మొగుడి ఏడుపు. బస్సెక్కే ఆడవాళ్ళు దిగాల్సిన స్టాపు మరచిపోయి వినేవాళ్ళు. ఒక విజిల్ ఊదితే ఆగు, రెండు ఊదితే పోనీ. పాత లోకమే, పాత పనే. వదిలేసిన చోటే మళ్ళీ పట్టుకున్నానని మురిసిపోయింది.

ఒళ్ళు మాత్రం ఒక్కోసారి మొరాయించేది. ఒకరోజు సింహాచలం కొండ నుంచి వస్తున్న భక్తులెవరో కర్పూరం పొట్లంతో ఎక్కారు. ఆ వాసన తగలగానే కడుపులో దేవేసింది. బస్సాపించి, దిగి, రోడ్డు పక్కన పేగులు బయటికొచ్చేలా కక్కుకుంది. ఎందుకో తెలియలేదు. ఎండదెబ్బ అనుకుంది. ఇంకోటి, పని లేకుండా సీట్లో కూర్చున్నప్పుడల్లా కుడిచెయ్యి పోయిపోయి ఎడమచేతి చిటికెనవేలిని గట్టిగా పట్టుకునేది. వదిలించుకుంటే మళ్ళీ పట్టుకునేది. "ఇదెక్కడి అలవాటురా నాయనా!" అని విసుక్కునేది.

అసలు తంటా ఇంట్లో ఉంది. జోషిత వండి పెట్టేది, బట్టలుతికేది, అడిగినదానికి జవాబిచ్చేది. అంతవరకే. పొద్దున్నే డ్యూటీకి బయల్దేరుతూ నూకరత్నం గుమ్మంలో, "ఎల్లొస్తానే!" అని కేకేసేది. ఆ మాట వినగానే పిల్ల చేతిలో పని ఆగిపోయేది. ఒకనాడు, "నువ్వెలాగూ వస్తావులే," అంది. ఆ గొంతులో విషం ఉందా, ఏడుపుందా, నూకరత్నానికి అర్థం కాలేదు. వెనక్కొచ్చి అడుగుదామనుకుంది గానీ బస్సు టైమైంది.

ఇంకొకనాడు స్నానం చేసి వస్తూ తలుపవతల మాటలు విన్నది.

"ఆవిడైతే అలా అనేది కాదు నాన్నా," అంటోంది జోషిత.

"ఊరుకోయే. ఇంటాది," అన్నాడు సన్యాసిరావు గొంతు తగ్గించి.

ఆవిడ! ఏ ఆవిడ? ఇక అక్కడి నుంచి ఆమె కళ్ళకు అన్నీ ఆనవాళ్ళే. మొగుడు ఆమె కళ్ళలోకి చూడడు, చూస్తే కళ్ళు దించేసుకుంటాడు. వంటింట్లో పై అరలో చోడిపిండి, అదే రాగిపిండి, డబ్బా ఉంది. చిన్నప్పుడు మూడు పూటలా చోడి అంబలి తాగితాగి మొహం మొత్తి, పెళ్ళయ్యాక ఆ పిండిని గడప దాటనివ్వని మనిషి నూకరత్నం. మరి ఎవత్తి కోసం తెచ్చారు? తను మంచాన పడి ఉన్న తొమ్మిది నెలల్లో ఎవత్తో ఈ ఇంట్లో తిరిగింది. అంబలి తాగింది. మొగుణ్ణి పోగొట్టుకున్నా ఆమె ఇంత బాధపడేది కాదు, నాలుగు తన్ని వెనక్కి లాక్కొచ్చేది. కానీ ఆ వచ్చినది కూతుర్ని పట్టుకుపోయింది. ఆ పిల్ల కళ్ళలో తన చోటు లేదు. అది తలుచుకుంటే నూకరత్నానికి అన్నం సయించలేదు.

ఒక బహుళ పంచమినాడు బస్సు పాడై మధ్యాహ్నానికే ఇల్లు చేరింది. ఇంట్లో ఎవరూ లేరు. మేడ మీద అలికిడైంది. మెట్లెక్కి చూస్తే పిట్టగోడ మీద విస్తరాకు దొప్ప. దొప్పలో చోడి అంబలి. పక్కన ఉప్పులో ఊరిన మామిడిముక్క. అగరొత్తి పొగ. తలారా స్నానం చేసిన జోషిత చేతులు కట్టుకుని, కాకి కోసం ఆకాశంలోకి చూస్తోంది.

నెల మాసికం. సన్యాసిరావు తన తల్లికి ఏడాదిపాటు ఇలాగే పెట్టాడు. నూకరత్నం కోడలిగా వండి ఇచ్చింది కూడా.

"ఎవరు పోనారే?" అంది.

జోషిత ఉలిక్కిపడి తిరిగింది. దాచాలని చూసింది. ఇక దాచలేకపోయింది.

"అమ్మ," అంది.

నూకరత్నానికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒళ్ళు భగ్గుమంది. "ఏటన్నావే? బతికుండగానే నాకు పిండం పెడతన్నావా? ఆరోజు సచ్చిపోమన్నావు, సావనేదని ఇలాగ కసి తీర్సుకుంటన్నావా?" చెయ్యి లేచింది.

పిల్ల బెదరలేదు. "కొట్టు. ఆ దెబ్బకి ఆవిడ నన్ను క్షమించమని అడిగింది. నువ్వు మళ్ళీ కొట్టు."

లేచిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఎవరే ఆవిడ?"

"నువ్వే. నువ్వు కాదు." జోషితకు ఏడుపు ముంచుకొచ్చింది. తొమ్మిది నెలలూ ఆపుకుని, తర్వాత ఇన్ని నెలలూ ఆపుకున్న ఏడుపు. పిట్టగోడకు చేరబడి కూర్చుని చెప్పింది.

మందు ఎక్కించేటప్పుడు గదంతా కర్పూరం వాసన వచ్చేదట. మంట మొదలయ్యేసరికి ఆమె అరిచేది. అరవకూడదని పళ్ళు బిగబట్టి, జోషిత చిటికెనవేలిని పట్టుకునేది. వేలు విరిగిపోతుందేమో అనిపించేది గానీ పిల్ల తీసుకునేది కాదు. ఏం తిన్నా కక్కేసేది. ఒక్క చోడి అంబలే కడుపులో నిలిచేది. "సిన్నప్పుడు తిట్టుకున్నాను దీన్ని. ఇప్పుడు ఇదే అమ్మయింది నాకు," అని నవ్వేది.

"ఒకరోజు తనే ఎత్తింది ఆ మాట," అంది జోషిత. "'నాను కోపంతో కొట్టనేదే, బయంతో కొట్టినాను. సచ్చిపోతానని బయం. నువ్వన్న మాట నాను ఎప్పుడో మర్సిపోనాను, నువ్వూ మర్సిపో,' అని నా చెంప నిమిరింది. నువ్వేమో ఆటోలో..."

నూకరత్నం కింద చతికిలబడింది. కూతురు అన్న మాటను మరిచిపోయిన మనిషిని కడిగేశారు. ఆ మాటను మరిచిపోనిదాన్ని ఇంటికి తెచ్చారు.

"చివర్న ఆ సూది వద్దని బతిమాలింది. 'పడ్డదంతా నాను పడ్డాను. పడ్డదాన్ని తీసీసి, పడనిదాన్ని ఇంటికి తీసుకెల్తారేటి? నన్నుంచండి. ఈ నొప్పులన్నీ గురుతుండిపోయినా పరవానేదు, ఈ గుంట గురుతుంటే సాలు,' అంది. నాన్న ఒట్టేశాడు కదా. 'నా ఒట్టే కదా, తీసి గట్టు మీద పెట్టయ్యా,' అని కాళ్ళు పట్టుకుంది. కాళ్ళు పట్టుకున్నా సరే అని నువ్వు ముందే చెప్పావు. ఆ మాటే చెల్లింది."

కాకులు ఎదురింటి ట్యాంకు మీద వాలి అరుస్తున్నాయి. దొప్ప వైపు రాలేదు.

"ఆఖరి రోజు కూడా బహుళ పంచమే. ఆరోజు మాత్రం ఏడవలేదు. సూది గది ముందు నిలబడి, 'ఎల్తన్నానే,' అంది. నాకు నీ అలవాటే వచ్చింది కదా. 'అలా అనకూడదమ్మా, వెళ్ళొస్తాను అను,' అన్నాను. 'నాను రానుగదే పిచ్చిదానా. వచ్చేది మీయమ్మ. దానికి నోటిదురుసు గానీ మనసు మంచిదే. దానికేటీ తెలీదు, దాని మీద కోపం పెట్టుకోకు,' అని లోపలికెళ్ళిపోయింది. నేను ప్రయత్నించానమ్మా. నిజంగా ప్రయత్నించాను. ఆటోలో నువ్వు ఆ మాట అనేదాకా."

సాయంత్రం సన్యాసిరావు పని నుంచి రాగానే నూకరత్నం అడిగింది, "ఎందుకు సెప్పనేదయ్యా నాకు?"

"సెప్తే ఆ నొప్పి నీకు తెల్సిపోతాదని. తెలీకుండా ఉండడానికే గదా ఇంతా సేసింది." అతను అరచేతుల్లోకి చూసుకున్నాడు. "ఒట్టు తప్పితే నువ్వు పోతావని బయమేసింది రత్నం. ఒట్టు నిలబెట్టినాను. ఆ మనిషి పోనాది. ఎటు సూసినా నా సేత్తోనే."

మర్నాడు నూకరత్నం సెలవు పెట్టి, ఎర్రమట్టి దిబ్బల అవతలి ఆసుపత్రికి వెళ్ళింది. వసారాలో కొత్త రోగులు వరుసగా కూర్చున్నారు. వాళ్ళలో ఒకావిడ చూపుడువేలికి పట్టీ చూసుకుని నవ్వుతోంది.

"దాన్ని తిరిగి తీసుకురండి," అంది డాక్టరు గదిలోకి వెళ్ళి, కూర్చోకుండానే.

విభావరికి వివరించాల్సిన పని లేకపోయింది. "రాదు తల్లీ. కడిగేసిన గోడ అది."

"ఇలాగవుతాదని మీకు ముందే తెలుసా?"

"మొదటిరోజు గంటసేపు చూపించాను గుర్తుందా? మజ్జిగ తాగుతూ మీ చిన్నప్పటి ఊరి గురించి చెబుతున్నారు. రెండో సూది తీసేసరికి చూసి, 'ఇంకాసేపు ఉండనియ్యమ్మా, కబురు మద్దిలో ఉంది,' అన్నారు. వేసేశాను. అందరూ అంటారు ఏదో ఒకటి. ఆ మాట ఎవరికీ చెప్పను."

"ఎందుకు?"

"చెబితే ఈ వైద్యానికి ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే చచ్చిపోతారు. ఈ మంటంతా గుర్తుండిపోయినవాళ్ళు కూడా ఉన్నారమ్మా, మొదట్లో. గడ్డ పోయింది. ఇంటికెళ్ళాక ఉరేసుకున్నారు. అందులో మా అమ్మ ఒకత్తి." డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "తర్వాత ఈ సూది కనిపెట్టాను. నేను సూది వేసినవాళ్ళందరూ బతికే ఉన్నారు."

తిట్టడానికి వచ్చిన నూకరత్నానికి తన మాటే గుర్తొచ్చింది. ఎవత్తో పడింది, నాకేటి? ఆ ఎవత్తి తన ఒంట్లోనే ఉండి, తన బదులు తన్నులన్నీ తిని, చివరికి తన చేతే చచ్చింది. చంపమని డాక్టరుకు చెప్పింది ఎవరు? మొగుడిచేత ఒట్టు వేయించింది ఎవరు?

ఇంటికొచ్చి పై అరలోంచి డబ్బా దించింది. తనే అంబలి కాచింది. గిన్నెలో పోసుకుని కూతురి ఎదురుగా కూర్చుని గుటకగుటకా తాగింది. ఆశ్చర్యం, కడుపు తిప్పలేదు. నాలుకకు నచ్చలేదు గానీ కడుపు మాత్రం పాత చుట్టాన్ని చూసినట్టు ఊరుకుంది.

"సూడే, నాకూ పడింది," అంది ఆశగా. "జోషీ, ఆరోజు కొట్టడం నాది తప్పు. బయంతో కొట్టినాను. నువ్వన్నది నాను మర్సిపోనాను."

జోషిత తల్లి చేతిలోని ఖాళీ గిన్నె తీసుకుంది. కసిరి చెప్పలేదు, మెల్లిగానే చెప్పింది.

"ఈ మాట ఒకసారి విన్నానమ్మా. ఆవిడకి లోపల్నుంచి వచ్చింది. నీకు నేను చెబితే వచ్చింది."

ఆ పిల్లది కఠినం అనాలా? పదిహేడేళ్ళకే తల్లిని పోగొట్టుకుని, ఆ తల్లి మొహమే పెట్టుకున్న ఇంకో మనిషికి రోజూ అన్నం వడ్డించింది. ఏడుద్దామంటే ఎవరి కోసం అని అడుగుతారు. అందరూ స్వీట్లు పంచుకుంటున్న ఇంట్లో ఒక్కత్తీ మైల పట్టింది. అది తలచుకుని నూకరత్నం ఆ పిల్లను ఇంకేమీ అడగలేదు.

శ్రీకాకుళంలో నర్సింగు సీటొచ్చింది జోషితకు. హాస్టల్లో ఉండాలి. విశాఖలో సీటొచ్చినా వద్దని అటు రాసుకుందని తర్వాత తెలిసింది. బయల్దేరే రోజు బహుళ పంచమి పడింది.

పొద్దున్నే నూకరత్నం తలస్నానం చేసింది. కూతురు లేచేసరికి అంబలి కాచి, దొప్ప కుట్టి, మామిడిముక్క పెట్టి, మేడెక్కి పిట్టగోడ మీద పెట్టేసింది. జోషిత మెట్ల మీద నిలబడి చూసింది. వద్దనలేదు, దగ్గరికీ రాలేదు.

నూకరత్నానికి మంత్రాలు రావు. ఎవరి పేరున పెట్టాలో కూడా తెలియలేదు. పోయినదాని పేరూ నూకరత్నమే కదా.

"తల్లీ," అంది చివరికి. "నా తన్నులన్నీ నువ్వు తిన్నావు. నీ బిడ్డ నా దగ్గిర ఉండనంటంది. నాను దానికి నచ్చనేదు, నీ అంత మంచిదాన్ని కాను. ఈ అంబలైనా నా సేత్తో తాగు."

కాకి వచ్చిందో లేదో చూడడానికి వ్యవధి లేకపోయింది. డ్యూటీ టైమైంది.

ఆమె బస్సు శ్రీకాకుళం బస్సులు బయల్దేరే కాంప్లెక్సు మీదుగానే పోతుంది. తండ్రీకూతుళ్ళు ట్రంకుపెట్టెతో అందులోనే ఎక్కారు. దారి పొడుగునా నూకరత్నం టికెట్లు కొట్టింది, పాసులు చూసింది, ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళను తిట్టి లోపలికి తోసింది. కూతురు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. గురుద్వారా దాటాక ఒక ముసలాయన జోషితను చూపించి, "మీ అమ్మాయా? నీ పోలికే," అన్నాడు. అవునని తలూపింది.

కాంప్లెక్సు దగ్గర ఒక విజిల్ ఊదింది. బస్సాగింది. సన్యాసిరావు పెట్టె భుజానికెత్తుకుని దిగుతూ, "దింపీసి రాత్రికొచ్చేత్తాను. ఎల్లొస్తాను," అన్నాడు. జోషిత వెనకాలే దిగింది. రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగి, ఫుట్‌బోర్డు మీద నిలబడ్డ తల్లిని చూసింది. ఆసుపత్రి గుమ్మంలో చూసినట్టే, మొహమంతా వెతికినట్టు చూసింది.

"వెళ్తున్నాను," అంది.

అలా అనకూడదే, వెళ్ళొస్తాను అనాలి. ఆ పిల్లకు మాటలు వచ్చినప్పటి నుంచి నూకరత్నం వందలసార్లు దిద్దిన మాట. నోటిదాకా వచ్చింది. దానికి ఏ జవాబు వస్తుందో కూడా తెలిసింది. ఆ జవాబు ఈ పిల్ల నోట వినే ధైర్యం లేక మింగేసింది.

"సరేనమ్మా," అంది.

రెండు విజిళ్ళు ఊదింది. బస్సు కదిలింది. జనంలో పిల్ల జడ కనిపించినంతసేపూ చూసింది, తర్వాత కనిపించలేదు.

"కండక్టరమ్మా, జగదాంబకి ఒకటి కొట్టు!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. నూకరత్నం టికెట్ మిషను అందుకోబోయింది. కుడిచెయ్యి రాలేదు. అది ఎడమ చిటికెనవేలిని పట్టుకుని ఉంది.